ఉతకకూడని బెల్టు

బట్టలు ఉతికినందుకు ఎవరినీ ఉరి తీయరు. కానీ బకెట్లో వేడినీళ్లు గోధుమరంగుకు తిరగడం చూశాక, చేయరాని పని చేశానని లిఫ్టు మెకానిక్‌కు అర్థమైంది. అర్థమైంది, అంతే. గుండె దడదడలాడలేదు, చెమట పట్టలేదు. భార్య పోయిన దగ్గర్నుంచీ అతనికి ఏదీ తగలడం లేదు. కాళ్ల కింద నేల ఉన్నట్టు కూడా తెలియడం లేదు. చేతులు ఖాళీగా ఉండలేక ఇంట్లో కనబడిన ప్రతి గుడ్డా ఉతుకుతున్నాడు. ఉతికిన దుప్పట్లే మళ్లీ ఉతుకుతున్నాడు. ఇవాళ ఆ ఊపులో కూతురి గోధుమరంగు కరాటే బెల్టు కూడా నీళ్లలో పడింది.

కరాటే బెల్టు ఉతకకూడదట. ఉతికితే అందులో ఇంకిన సాధన నీళ్లపాలవుతుందని పిడుగుకు వాళ్ల మాస్టారు చెప్పాడు. పిడుగంటే కూతురే, ఆ పేరు తల్లి పెట్టింది. మాస్టారి మాట పిల్ల ఇంటికొచ్చి అప్పజెప్పిన రోజు తల్లి ముక్కు చిట్లించి, "అలాగేలే" అని ఊరుకుంది. ఇప్పుడా పిల్ల సరిగ్గా తినదు, నవ్వదు, తండ్రితో ముక్తసరిగా తప్ప మాట్లాడదు. సాయంత్రం కాగానే బెల్టు కట్టుకుని క్లాసుకు మాత్రం పోతుంది. ఆ కాసేపే అది పిడుగులా ఉంటుంది. ఆ కాస్తా తన చేతులతోనే పిండి ఆరేశానని తండ్రి అనుకున్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. బెల్టును ఇంటి వెనక తీగ మీద పడేసి, పిల్ల బడి నుంచి వచ్చేలోగా అలాంటిదే ఇంకొకటి కొనాలని బయల్దేరాడు.

ముందు ఆటసామాన్ల కొట్టుకు వెళ్లాడు.

"కరాటేవా? ఎవరూ అడగట్లేదని తెప్పించడం మానేశాం సార్. క్యారమ్ బోర్డులున్నాయి, చూపించనా?"

మెకానిక్ చూపించమన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలియదు. ఏ అంతస్తులో తలుపు తెరుచుకుంటే ఆ అంతస్తులో దిగిపోయే మనిషిలా తయారయ్యాడు. స్ట్రైకర్ని వేళ్లతో కాసేపు తిప్పి, అక్కడే పెట్టేసి బయటికొచ్చాడు.

యూనిఫాంల షాపులో ఆవిడ తలెత్తకుండానే, "ఏ స్కూలు?" అంది.

"స్కూలు కాదండీ, కరాటే."

"అదే, ఏ స్కూలు కరాటే?"

ఆవిడ చూపించిన బెల్టులకు బకిల్సున్నాయి. అక్కడి నుంచి డంబెల్స్ అమ్మే షాపుకు పోయాడు. మెడే లేనట్టున్న కుర్ర ఓనరు, బరువులెత్తేటప్పుడు కట్టుకునే పట్టీ ఒకటి బల్ల మీద పడేశాడు.

"నాకు కాదు, మా అమ్మాయికి."

"ఎంత ఎత్తుతుందన్నా?"

సంగతి విన్నాక ఆ కుర్రాడే బస్టాండు వెనక మేడ మీదుండే దర్జీ దగ్గరికి పంపాడు. ఊరంతా కాళ్లరిగేలా తిరిగితే తేలిందేమిటంటే, కరాటే సామాను అమ్మేది ఒక కుట్టుమిషను పక్కన. చేతి తొడుగులు ఒక మూల గుట్టగా ఉన్నాయి, రంగురంగుల బెల్టులు చుట్టలు చుట్టి ఉన్నాయి.

"అమ్మాయి నడుము కొలతెంతండీ?" అన్నాడు దర్జీ.

"తెలీదండీ. వాళ్లమ్మకి తెలుసు."

"అయితే ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి."

మెకానిక్ ఫోను తీశాడు. నంబరు ఇంకా అందులోనే ఉంది. దాన్ని కాసేపు చూసి, ఫోను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఎత్తదండీ," అన్నాడు.

దర్జీ అందాజుగా గోధుమరంగుది ఒకటి తీసిచ్చాడు. అది కర్రలా బిగుసుకుని ఉంది. నిన్న మొన్నటి దాకా కట్టిందని చెబితే పసిపిల్లలు కూడా నమ్మరు. అయినా కొన్నాడు.

ఇల్లు చేరేసరికి పిడుగు వెనక గుమ్మంలో నిలబడి ఉంది, తడి బెల్టు చేతిలో పట్టుకుని.

"ఉతికేశాను," అన్నాడు. "చూసుకోలేదమ్మా. కొత్తది తెచ్చాను."

పిల్ల కొత్తదాని వైపు చూడనే లేదు. పాతదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"వేడినీళ్లు పోశావా? అందుకే రంగు దిగింది. అమ్మ చన్నీళ్లే పోసేది."

"అమ్మా?"

"అమ్మ ఉతికేదిగా. మొదట కట్టిన తెల్ల బెల్టు దగ్గర్నుంచీ అన్నీ ఉతికింది, నేను బడికెళ్లాక. కంపు భరించలేక. ఆరాక ఈ గుమ్మంలోనే వేసి తొక్కేది, మాసినట్టు కనబడాలని. ఒకరోజు తొందరగా వచ్చి చూశాను. చూశానని అమ్మకి చెప్పలేదు." తడి బెల్టు మడతలు విప్పుతూ అంది, "అయినా గోధుమరంగు బెల్టు దాకా వచ్చాను కదా నాన్నా."

బెల్టును గుమ్మంలో పొడుగ్గా పరిచింది.

"తొక్కు. ఇంత శుభ్రంగా ఉంటే మాస్టారు కనిపెట్టేస్తాడు."

అతను చెప్పులు విడిచి బెల్టు మీద నిలబడ్డాడు. అది ఇంకా ఆరలేదు. తడి అరికాళ్లకు చల్లగా తగిలింది. తగిలిందని అతనికి తెలిసింది. ఇన్నాళ్లూ ఎక్కడ ఆగి ఉందో ఏమో, దుఃఖం ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

పిడుగు వచ్చి అతని మోచేయి పట్టుకుంది.

"ఊరికే నిలబడితే కాదు నాన్నా. అటూ ఇటూ నడవాలి. అమ్మ అలాగే చేసేది."

అతను ఏడుస్తూనే అటూ ఇటూ నడిచాడు.