నాలుగో అంతస్తు అద్దెదారులు

లిఫ్టు తలుపు తెరుచుకోగానే హాల్లో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా కంప్యూటర్ల వైపు తిరిగారు, హెడ్మాస్టరు వచ్చినప్పుడు పిల్లలు పుస్తకాల్లోకి తలలు దూర్చినట్టు. ఆమెకు అది నచ్చలేదు.

"చూశారుగా మేడమ్, ఈగ దూరే సందు లేదు!" బిల్డర్ చేతులు చాచాడు.

ఆమె ఒక చిన్న బ్యాంకులో లోన్ ఆఫీసరు. ఆ బ్యాంకు ఇచ్చిన అప్పుల్లో సగం ఈ ఒక్క మనిషికే. ఈ భవనం మీద వచ్చే అద్దెలతోనే అవి తీరాలి. ఇవాళ ఆమె 'అంతస్తులు నిండాయి' అని సంతకం పెడితే గడువు పెరుగుతుంది, పైగా ఇంకో కొత్త అప్పు పుడుతుంది. పెట్టకపోతే అంతా మొండిబాకీ. ముందుగా తల తెగేది బ్రాంచి మేనేజరుది. ఆ మేనేజరు ఆమెకు స్వయానా మేనమామ. తండ్రి పోయాక చదివించిందీ ఆయనే, చేయి పట్టుకుని పని నేర్పిందీ ఆయనే.

ఇప్పుడాయన కింద కారులో కూర్చున్నాడు. "మోకాళ్లు సహకరించట్లేదు, నువ్వు చూసి రా తల్లీ" అన్నాడు. అప్పుడే రెండుసార్లు ఫోన్ చేశాడు.

"బాత్రూమ్ ఎటు?" అడిగింది ఆమె.

బిల్డర్ తడబడ్డాడు. "కింద మంచిది ఉంది మేడమ్, అక్కడికి..."

ఆమె అప్పటికే తలుపు తోసింది. వాష్ బేసిన్‌లో దుమ్ము వేలితో పేరు రాసేంత ఉంది. కుళాయి తిప్పితే ముందు దగ్గింది, తర్వాత గాలి వదిలింది, చివరికి తుప్పు రంగు నీళ్లు ఉమ్మింది. అక్కడ ఎవరూ ఏనాడూ చేతులు కడుక్కోలేదు.

బయటికొచ్చి దగ్గర్లో ఉన్న పెద్దావిడ పక్కన నిలబడింది. ఆవిడ దీక్షగా టైపు చేస్తోంది. స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది.

"ఏ కంపెనీ అమ్మా మీది?"

ఆవిడ బిల్డర్ వైపు చూసి, గొంతు తగ్గించింది. "భోజనాల దాకా కూర్చోమన్నారమ్మా. కంపెనీ పేరు చెప్పలేదు."

"ఈవిడకి జోకులెక్కువ మేడమ్," బిల్డర్ నవ్వాడు. ఆ నవ్వుకి తోడు దొరకలేదు.

పైన పటారం, లోన లొటారం. ఇంతవరకూ ఆమెకు కోపమే. నోట్స్ రాసుకుందామని ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతి కింద ఏదో గరుకుగా తగిలింది. విరిగిన కుర్చీ చేతికి ఫైళ్లు కట్టే ఎర్ర నాడా బిగించి చుట్టి ఉంది. చివర్న రెండు మెలికల ముడి.

ఆమె వేలు ఆ ముడి మీద ఆగింది.

ఆ ముడి వేసే మనిషి లోకంలో ఒక్కడే, మామయ్య. పాత ఫైళ్లలోంచి సూదులు పీకి దాచుకునేవాడని స్టాఫ్ ఆయనకు 'గుండుసూది' అని పేరు పెట్టారు. బ్యాంకు మూసేసిన బజారు బ్రాంచి సామాను అమ్మడానికి ఆయనకు ప్రాణం ఒప్పలేదు. ఈ హాల్లో ఉన్నవన్నీ ఆ కుర్చీలే. ఇంత నాటకం ఆడిన మనిషికి కుర్చీలు అద్దెకు తెప్పించడానికి మాత్రం చెయ్యి రాలేదు!

ఫోన్ మళ్లీ మోగింది. ఎత్తకుండా మెట్ల దారి పట్టింది. వెనకాల బిల్డర్ "లిఫ్టు ఉంది మేడమ్!" అని అరుస్తూనే ఉన్నాడు. మూడో అంతస్తు అద్దాల వెనక సిమెంటు బస్తాలు. రెండో అంతస్తులో అవీ లేవు.

కారు తలుపు లాగి పక్కన కూర్చుంది.

"అయిందా?" అన్నాడు ఆయన, రోడ్డు వైపే చూస్తూ.

"బజారు బ్రాంచి కుర్చీలు బాగున్నాయి మామయ్యా."

ఆయన స్టీరింగ్ మీద వేళ్లు ఆడించాడు, ఆపాడు, మళ్లీ ఆడించాడు. "ఒక్క ఏడాది ఓపిక పడితే నిజంగానే నిండుతుంది."

"ఎవరి ఓపిక? డిపాజిట్లు వేసినవాళ్లదా?"

"నువ్వు రాస్తే నా ఉద్యోగం పోతుందే."

"తెలుసు." ఆమె ఆయన వైపు తిరిగింది. "ఒక్కటి చెప్పు. ఆఫీసు బతికుందో లేదో అద్దాలు చెప్పవు, కుళాయి చెప్తుందని నేర్పింది నువ్వే కదా. ఆ సంగతి ఆ బిల్డర్‌కెందుకు చెప్పలేదు?"

గేటు దగ్గర బిల్డర్ చెయ్యూపుతూ పరుగెత్తుకొస్తున్నాడు. ఆయన చేతిలో తాళంచెవి రెండుసార్లు గురి తప్పింది. మూడోసారి ఇంజను అందుకుంది.

"ఎటు?" అంది ఆమె.

"హెడ్ ఆఫీసుకి. దారిలో చూసింది చూసినట్టు రాసెయ్. నేను మనసు మార్చుకునేలోపు రాసెయ్."

ఆమె మోకాలి మీద కాగితం పెట్టుకుంది. కుదుపులకు అక్షరాలు వంకర పోతున్నాయి. ఆయన జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. ఆయన దాన్ని తీయనూ లేదు, ఆపనూ లేదు.