దొంగ పేరే నయం

పార్లమెంటులో ఎవరో సభ్యుడు ఒక బిల్లు పెట్టాడు. మగవాణ్ణి ఇష్టపడే మగవాడు ఆ సంగతి దాచుకోకుండానే ఫౌజులో పనిచేసుకోవచ్చని దాని సారం. వారం రోజులుగా టీవీల్లో అదే గొడవ. సిరిసిల్లలో, పక్కింటి మరమగ్గాల చప్పుడు మధ్య, రిటైర్డ్ సుబేదార్ పరశురాములు ఆ అరుపులన్నీ విన్నాడు. "ఇలాంటివాడు ఒక్కడున్నా కంపెనీ మొత్తం పాడవుతుంది" అని ఒకాయన బల్ల గుద్దినప్పుడు మాత్రం టీవీ కట్టేశాడు. ఆ మాట తొమ్మిదేళ్ల కింద తను చెప్పిందే, అక్షరం పొల్లుపోకుండా.

చెప్పింది నరేశ్ గురించి. నరేశ్‌ది కోరుట్ల, కల్లు గీతపని చేసే ఇల్లు. పరశురాములు కంపెనీలోనే టెలిఫోను లైన్‌మన్. మంచులో టెలిఫోను తీగ తెగితే హుకుం కోసం చూడకుండా తీగచుట్ట భుజానేసుకుని బయల్దేరేవాడు. వేరే యూనిట్ హవల్దారుతో అతను రాసుకున్న మాటలు ఫోనులో బయటపడ్డప్పుడు ఆ ఫోను తీసుకెళ్లి కమాండింగ్ ఆఫీసరు ముందు పెట్టింది పరశురాములే. విచారణలో మొదటి సాక్షీ ఆయనే. నరేశ్‌ పదమూడేళ్ల నౌకరీ పోయింది, పెన్షన్ కూడా రాలేదు.

జగిత్యాల మాజీ సైనికుల సంఘం నుంచి యాదగిరి ఫోన్ చేశాడు. "ఆదివారం మీటింగున్నది సార్. బిల్లు వద్దని ఎంపీకి కాగితం ఇస్తున్నం. మొదలు మీరే మాట్లాడాలె."

సరేనన్నాడు. కానీ శనివారం పొద్దున్నే కోరుట్ల బస్సెక్కాడు. నరేశ్ నిఖార్సయిన సిపాయి అనీ, తను చెప్పిన సాక్ష్యం తప్పనీ రాసి సంతకం పెట్టిన కాగితం జేబులో ఉంది. పెన్షన్ కోసం కేసు వేస్తే ఏ వకీలుకైనా పనికొస్తుందనుకున్నాడు.

నరేశ్ బోరు మోటార్ల వైండింగ్ దుకాణంలో పనిచేస్తున్నాడని తెలిసి అక్కడికి వెళ్లాడు. "తినొస్తనని ఇంటికి పోయిండు" అన్నాడు యజమాని. "ఫౌజుల స్టోరు సామాను అమ్ముకున్నడట గద? పని మంచిగనే చేస్తడు గని, నేనైతే రాగితీగ తూకమేసే ఇస్త, తూకమేసే తీసుకుంట."

పరశురాములుకు ఒక్క నిమిషం ఏమీ అర్థం కాలేదు. నరేశ్ విచారణ ఫైలులో దొంగతనం ఊసే లేదు.

ఇంట్లో నరేశ్ తల్లి దేవవ్వ ఆయన ఎవరో తెలుసుకుని కుర్చీ తుడిచి వేసింది. తినే పళ్లెం పక్కకు జరిపి నరేశ్ లేచి నిలబడ్డాడు. దేవవ్వ గడప దగ్గర కూర్చుని చేతులు జోడించింది.

"తొమ్మిదేండ్లాయె సారు. ఊరంత దొంగ అంటున్నది. ఈడు గూడ అవ్ నేనే చేసిన అంటడు. నాకైతే నమ్మబుద్ధి గాదు. మీరు పెద్దసారు, మీకెర్క. నా కొడుకు నిజంగ దొంగతనం చేసిండా?"

పరశురాములు నరేశ్ వైపు చూశాడు. అతని కళ్లలో కోపం లేదు. చెప్పొద్దన్నట్టు తల కొంచెం అడ్డంగా ఆడించాడు, అంతే.

"చిన్న తప్పే అక్కా," అన్నాడు పరశురాములు. "పెద్దగ చేసిండ్రు."

"అంటే చేసిండన్నట్టే గద." దేవవ్వ మెల్లగా లేచి లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ బయటికి రాలేదు.

బస్టాండుదాకా నరేశ్ తోడొచ్చాడు. కాగితం ఇస్తే నిలబడి చదివాడు.

"గిది అప్పుడు రాయాలుండె సాబ్."

"ఇప్పుడన్న పనికస్తది. బిల్లు పాసైతే..."

"పాసైతదా? అయినా గది ఢిల్లీల. మా గల్లీకి రాదు." నరేశ్ కాగితం మడిచాడు. "ఇంటికచ్చినప్పుడు ఏదో ఒకటి చెప్పాలె గద. దొంగతనం చేసిన అని చెప్పిన. దొంగకు ఏ తల్లయినా బువ్వ పెడ్తది. అసలు సంగతి తెలిస్తె మా అవ్వ పెడ్తదో లేదో... అది తెలుసుకునే ధైర్యం నాకు లేదు."

"ఆ హవల్దారు?"

"నౌకరీల ఉన్నడు. పెండ్లి చేసుకున్నడు. ఫోన్ ఎత్తడు."

కాగితాన్ని సుబేదారు జేబులోనే పెట్టి నరేశ్ పనికి వెళ్లిపోయాడు.

మర్నాడు జగిత్యాలలో మైకు ఇస్తే పరశురాములు లేచాడు. "నా కంపెనీల గసుంటోడు ఒకడుండె. వాని అసుంటి లైన్‌మన్‌ను నేను మల్ల చూడలే. వాన్ని నేనే ఎల్లగొట్టిచ్చిన. ఎంపీకిచ్చే గీ కాగితం మీద నేను దస్కత్ పెట్ట."

వెనక నుంచి ఎవరో అడిగారు. "ఎవడు సార్ వాడు? మన దిక్కోడేనా?"

పరశురాములు నోటిదాకా వచ్చిన పేరును మింగేశాడు. "యాదికి లేదు" అని కూర్చున్నాడు. కాగితం ఆయన్ని దాటుకుని పక్కవాడి చేతికి పోయింది. భోజనాల దగ్గర ఎవరూ ఆయన పక్కన కూర్చోలేదు.

బిల్లు చర్చకే రాకుండా పార్లమెంటు సమావేశాలు ముగిశాయి. పరశురాములు కోరుట్లకు ఒకసారి ఫోన్ చేశాడు. దేవవ్వ ఎత్తింది.

"పనికి పోయిండు సారు," అంది. "మీరు చెప్పిపోయినంక, నిజమేనా అని వాన్ని అడుగుడు బంద్ చేసిన" అని ఫోన్ పెట్టేసింది.