లాకుల మధ్య మాణిక్యం

నేను ఒక పడవని. పేరుకి పడవనే గానీ బతికినన్నాళ్ళూ ఎక్కడా పడలేదు, పడ్డవల్లా మాటలే. నీళ్ళమీద తేలుతాను గానీ తేలుని కాను, ఎవర్నీ కుట్టలేదు. ఆ పనికి మా ఇంట్లో వేరే మనిషి ఉండేవాడు, గవర్రాజని. ఆయన సంగతీ వస్తుంది, తొందరపడకండి. కాలవలో పడవకీ కథ చెప్పేదానికీ తొందర పనికిరాదు.

నేను పుట్టింది తాళ్ళరేవులో, విక్టోరియా రాణిగారి ఏలుబడిలో. గోదావరి మీద తెప్పలు కట్టి దింపిన టేకు దుంగలే నాకు తల్లీ తండ్రీ. నన్ను చెక్కినవాడు భీమన్న. చెక్కల సందుల్లో కొబ్బరిపీచు కుక్కి, గుగ్గిలం కాచి పోసి, బిడ్డ గుండె వింటున్నట్టు నా పక్కకి చెవి ఆనించేవాడు. అతనికి అన్నం తెచ్చే వంకతో మేనమామ కూతురు మాణిక్యం వచ్చేది. అన్నం చల్లారేది గానీ వాళ్ళ కబుర్లు చల్లారేవి కావు.

"ద్రాక్షారామంలో భీమేశ్వరుడికీ మాణిక్యాంబకీ ఒకటే గుడి. మన పేర్లు ఊరికే పెట్టారా?" అనేవాడు భీమన్న.

"ఆయన గుడి ఎవరో కట్టారు బావా. నువ్వు ముందు నాకు ఇల్లు కట్టు," అనేది మాణిక్యం.

ఆ మాటే వాళ్ళయ్య ఇంకాస్త గట్టిగా అన్నాడు. "సొంత పడవున్నవాడికే పిల్లనిస్తా. పడవలు చేసేవాడికి కాదు." ఊరందరికీ పడవలు చేసిపెట్టే భీమన్నకి సొంతానికి తెడ్డు కూడా లేదు మరి! రోషమొచ్చి కాకినాడ రేవులో ఓడెక్కి రంగం పోయాడు. రంగూన్ని మావాళ్ళు రంగం అనేవారు. రంగంలోకి దిగినవాడు ఓ పట్టాన తిరిగిరాడు గదా. ఆ ఓడ తుపానులో మునిగిందని కబురొచ్చింది. శవం లేకుండానే దినం చేసేశారు.

ఈలోగా కొండలు అనే ఆసామి నన్ను కొనుక్కున్నాడు. కొన్నాడు గనక సొంత పడవున్నవాడయ్యాడు. సొంత పడవుంది గనక మాణిక్యాన్నిచ్చి పెళ్ళి చేశారు. చూశారా మనుషుల తమాషా! భీమన్న తన చేతుల్తో నన్ను చెక్కి, తన పెళ్ళికూతుర్ని పక్కవాడి ఇంటికి మోసే వాహనం తయారుచేసిపెట్టాడు. ఆమె నామీదే అత్తారింటికి వెళ్ళింది. దారి పొడుగునా నా అంచుమీద పెట్టిన అరచెయ్యి తియ్యలేదు. చెక్కని గదా, చెక్కుచెదరలేదని చెబుదామనుకున్నాను. అబద్ధం. చెదిరాను.

కొండలు మంచివాడే. సరదాకి పెళ్ళానికి చుక్కాని పట్టడం నేర్పాడు. తర్వాత పిల్లా జెల్లా లేకుండానే విషజ్వరంతో పోయాడు. మాణిక్యం ఏడ్చింది, కళ్ళు తుడుచుకుంది, వెనకవైపు నిలబడి చుక్కాని అందుకుంది. కాకినాడ నించి దవిళేశ్వరం దాకా కాలవంతా నవ్వింది.

"ఆడదాని పడవెక్కితే మునగడమే," అన్నాడొక పెద్దమనిషి.

"మునగలు మీ పులుసులో వేసుకోండి, నా పడవలో కాదు," అంది. కొన్నాళ్ళకి ఆ పెద్దమనిషే అందరికంటే ముందొచ్చి చోటు పట్టుకునేవాడు.

ఒక పొద్దున రేవులో ఎవరో నా పక్కని తట్టి చెవి ఆనించారు. ఆ చెవి నాకు తెలుసు. మాణిక్యం తిరిగి చూసింది.

"బతికే ఉన్నావా బావా?"

"ఉన్నట్టే ఉంది. ఓడ మునిగింది, నన్ను వేరే ఓడవాళ్ళు తీశారు. తిరిగొద్దామనుకునేసరికి నీ పెళ్ళయిందని తెలిసింది. ఇంకెందుకని అక్కడే ఉండిపోయా. కొండలు పోయాడని మొన్ననే విన్నా."

"నీకు దినం కూడా చేశాం."

"గారెలు బాగున్నాయా?"

"నేను తినలేదు."

"ఏం?"

"నువ్వు పోయావని నమ్మలేదు గనక."

"నమ్మనిదానివి పెళ్ళికెలా కూచున్నావే?"

"నా నమ్మకాన్ని మా అయ్యకి చూపించడానికి అదేమన్నా పడవా?"

భీమన్న వంగి, నా అడుగున నీరు కారే సందు చూసి, పీచు ఇమ్మని చెయ్యి చాపాడు.

మా కులంలో మారుమనువు తప్పు కాదు. మొగుడు పోయినదాన్ని చీర పెట్టి మళ్ళీ చేసుకోవచ్చు. కానీ ఒక కట్టుబాటుంది. అలా వెళ్ళేది కట్టుబట్టలతో వెళ్ళాలి. మొదటి మొగుడి గిన్నె, గుడిసె, పడవ, అన్నీ అతని వాళ్ళకి పోతాయి. అంటే భీమన్న కావాలంటే నేను పోవాలి. నేను కావాలంటే భీమన్న పోవాలి. ఆ ఇద్దరికీ అడ్డం ఎవరయ్యా అంటే నేనే, నిలువెత్తు అడ్డాన్ని!

"నీ పడవలో కూలివాడిగా ఉండిపోతాలే," అన్నాడు భీమన్న.

"నాకు కూలివాళ్ళున్నారు. మొగుడే లేడు. చాటుమాటు బతుకు నేను బతకను."

"పడవ వదులుకోమని నేనడగను మాణిక్యం."

"అడిగితే తిట్టేదాన్ని. అడక్కపోతే ఏడుపొస్తోంది."

ఇలా ఉండగా రాణిగారు గద్దెనెక్కి యాభై ఏళ్ళయిందని పండగ చేశారు. ఆ రోజు దవిళేశ్వరం వెళ్తూ లాకుల్లో ఆగాం. లాకులంటే కింది కాలవకీ పై కాలవకీ మధ్య పెద్ద రాతితొట్టి. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూసి పైనీళ్ళు వదుల్తారు. లోపలి నీళ్ళు పైకాలవతో సమానమైతే గానీ ముందు తలుపు తెరుచుకోదు, కలెక్టరు దొర వచ్చి బతిమాలినా సరే. ఆ వేళ లాకులవాళ్ళు మామిడాకులు కట్టి, మిఠాయి పంచుకుంటూ, నీళ్ళు తాపీగా వదుల్తున్నారు. మరమ్మతు పనిమీద మాతో వచ్చిన భీమన్న గట్టెక్కి, రాతిస్తంభానికి నా తాడు చుట్టి పట్టుకున్నాడు.

ఎక్కినవాళ్ళలో గవర్రాజు ఉన్నాడు, కొండలు తమ్ముడు. వడ్ల కొట్లో కాటా వేసే మనిషి. నీళ్ళంటే భయం, మామూలుగా గట్టు దిగడు గానీ గట్టిగా మాట్లాడతాడు. ఆ వేళ పండగ చూడ్డానికి తప్పక ఎక్కాడు.

"వదినా, ఆ వడ్రంగివాడు మా పడవకి మేకులు కొడుతున్నాడట?"

"మీ పడవా?"

"మా అన్నది. నువ్వు బుద్ధిగా ఉన్నన్నాళ్ళే నీది. రాణిగారిని చూసి నేర్చుకో. మొగుడు పోయి ఎన్నేళ్ళయింది, మారుమనువు మాటెత్తిందా? నల్లబట్టల్లోనే రాజ్యమేలుతోంది."

"ఆవిడ రాజ్యం మీద కన్నేసిన మరిది లేడేమో కనుక్కో."

ప్రయాణికులు గొల్లుమన్నారు. పొగాకు కట్టమీద కూచున్న ముసలమ్మ, "అద్దీ, అలా పెట్టు!" అంది. గవర్రాజు మొహం కందగడ్డయింది.

"ఇదిగో, పదిమందిలో అడుగుతున్నా. పడవా, మొగుడా? తేల్చు!"

తేల్చే పని నీళ్ళు చేస్తూనే ఉన్నాయి. నేను మెల్లగా పైకి లేస్తున్నాను. మొదట భీమన్న పాదాలు కనిపించాయి, తర్వాత మోకాళ్ళు, తర్వాత తాడు పట్టిన చేతులు. మాణిక్యం చుక్కాని మీద చెయ్యేసి, పైకి చూడకుండా నిలబడింది. ఈ పడవుంటే తనకి ఎదురులేదనుకుంది ఇన్నాళ్ళూ. తీరా చూస్తే ఎవడికి వాడు ఆ పడవని చూపించే బెదిరిస్తున్నాడు. ఆ రోజు అయ్య, ఈ రోజు మరిది. కొండలు ఇచ్చినవాటిలో గవర్రాజు లాక్కోలేనిది ఒక్కటుంది. చుక్కాని పట్టే ఆ విద్య ఆమె చేతుల్లోనే ఉంది.

నా అంచు గట్టుతో సమానమైంది.

"పట్టు గవర్రాజూ," అని చుక్కాని అతని చేతిలో పెట్టింది.

"ఇదేంటి వదినా! లాకుల్లోనా?"

"తేల్చమన్నది నువ్వే గదా."

"నాకిది పట్టడం రాదు!"

"మీ అన్న నాకు నేర్పాడే. నీకు నేర్పలేదా పాపం?"

"మరి మా గతేంటమ్మా?" అన్నాడు మునగల పెద్దమనిషి.

"పడవ అతనిది. గతి కూడా అతన్నే అడగండి," అంటూ గట్టుమీదికి అడుగేసింది. పైట సర్దుకుంది తప్ప మూట లేదు, ముల్లె లేదు.

భీమన్న తాడు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "మాణిక్యం, బాగా ఆలోచించుకున్నావా?"

"ఇంకొకసారి ఆలోచించమంటే నిన్నూ ఈ నీళ్ళలోకి తోస్తా. తాడు వదిలెయ్ బావా. అది మనది కాదు."

అతను నా తాడుని ఒక్కొక్క చుట్టే విప్పి, మడిచి, గవర్రాజు కాళ్ళ దగ్గర పెట్టాడు. నేను బొంగరంలా తిరిగి గోడని గుద్దాను. ముసలమ్మ గోవిందా అంది. తలుపులు తెరుచుకున్నాయి. వాళ్ళిద్దరూ కాలవగట్టున నడిచి వెళ్ళిపోతుంటే, నామీద పదిమందీ పదహారు దిక్కులకి తెడ్లు వేస్తున్నారు.

తర్వాత నా కథ చెప్పుకోదగ్గది కాదు. గవర్రాజు నామీద ఇటికలు వేశాడు, ఉప్పు వేశాడు. సందుల్లో పీచు మాత్రం వెయ్యలేదు. ఆఖరికి కాలవగట్టున బోర్లించాడు. ఇప్పుడు నాకింద కోళ్ళు కాపురం చేస్తున్నాయి. కాపురాలు మొయ్యడం నాకు అలవాటే.

వాళ్ళు చాలాకాలం ఎవరెవరి పడవల్లోనో పనిచేశారని రేవులో అనుకుంటే విన్నాను. మొన్న ఈ దారిన ఒక కొత్త పడవ వచ్చింది. నాకంటే చిన్నది, నాకంటే నాజూకు. ఈసారి భీమన్న చెక్కింది అమ్మడానికి కాదు. చుక్కాని దగ్గర మాణిక్యం, జుట్టు సగం నెరిసి, గొంతు ఏమాత్రం నెరవకుండా.

"ఎడమకి బావా, ఎడమకి! రంగంలో ఎడమచెయ్యి తాకట్టు పెట్టొచ్చావా?"

"అక్కడ పెట్టలేదే. మారుమనువునాడు నీ దగ్గరే పెట్టా!"

నావైపు చూస్తుందేమోనని చూశాను. చూడలేదు. ఎదురుగా వంతెన ఉంది, తెరచాప కొయ్య దించాలి, ఆమె కళ్ళన్నీ దానిమీదే. నాకింద పెట్ట ఒకటి గుడ్డు పెట్టి ఊరంతా వినపడేలా అరిచింది. పడవ అప్పటికే వంతెన దాటిపోయింది.