ఆ పొద్దున ఏం వండిండ్రు?

హోటల్ గది బాత్రూమ్‌లో, అద్దం కింది సింకులో సరస్వతి బియ్యం కడుగుతోంది. తెల్లవారి ఐదవుతోంది. బియ్యం హనుమకొండవి. చింతపండు గుజ్జు, పల్లీలు, ఎండుమిరపకాయలు, ఆఖరికి కరెంటు పొయ్యి కూడా ఆమె సూట్‌కేసులోనే జపాన్ దాకా వచ్చాయి. వాటికి చోటిచ్చి చీరలు మూడే తెచ్చుకుంది. ఎనభై మూడులో ఎక్కువ బోరు మోటార్లు అమ్మిన డీలర్లను కంపెనీ టూరుకు పంపింది, కావాలంటే భార్యనూ తీసుకుపోవచ్చంది. చౌరస్తాలో షాపున్న ఆమె భర్త కిషన్ రావు వాళ్ళలో ఒకడు. "ఆడ మనోళ్ళకు తిండి తిప్పలట. నువ్వుంటివి గద, నాకేం ఫికర్" అన్నాడతను బయల్దేరేముందు. తన టికెట్ ఎందుకో ఆమెకు అప్పుడే తెలిసిపోయింది.

అయినా కోపం రాలేదు. చూడాలన్న ఆశ అంతకన్నా పెద్దది. రైలు తలుపులు వాటంతటవే ఎట్లా మూసుకుంటాయి, ఇక్కడి టీలో చక్కెర ఎందుకు వేయరు, గైడ్ నొబుకో చిన్న కాగితాన్ని కూడా రెండు చేతులతో ఎందుకు ఇస్తుంది, అన్నీ అడగాలనిపించేది. మెట్రిక్ దాకా చదివిన ఇంగ్లీషును లోపలే కూడబలుక్కుని నోరు తెరిచేలోగా కిషన్ రావు "నీకెందుకే అవన్నీ" అనేవాడు. ప్రశ్న గొంతులోనే ఆగిపోయేది గాని చచ్చిపోయేది కాదు.

ఆ రోజు వాళ్ళు చూడబోయింది హిరోషిమా. బస్సులో నొబుకో మైకు పట్టుకుని ఏదో చెబుతూనే ఉంది. వెనక సీట్లలో పేకాట జోరుగా సాగుతోంది. ఆ గోలలో సరస్వతికి సగం మాటలే వినిపించాయి. పార్కులో దిగాక నొబుకో మ్యూజియం టికెట్లకు వెళ్ళింది. ఒక పక్కగా గుండ్రటి పచ్చిక దిబ్బ, చుట్టూ చిన్న రాతి గట్టు, పైన రాతి గోపురం. తినడానికి ఇంతకంటే మంచి జాగా ఉండదన్నారు మగవాళ్ళు. సరస్వతి గట్టు లోపల దుప్పటి పరిచి పన్నెండు మందికి పులిహోర పెట్టింది. ఎవరో టేప్‌రికార్డర్‌లో పాటలు పెట్టారు. కిషన్ రావు దిబ్బ ఎక్కి, గోపురానికి చెయ్యి ఆనించి, ఫోటో తియ్యమన్నాడు.

ఆ గోపురం ఏమిటని సరస్వతి అడిగింది. నీకెందుకే, చేతులు కడగాలె, నీళ్ళు తే అన్నాడు. జగ్గుతో ఒక్కొక్కరి చేతుల మీద నీళ్ళు పోస్తుంటే ఎంగిలి నీళ్ళు పచ్చికలోకి ఇంకిపోతున్నాయి. పాలంపేటలో రామప్ప గుడికి పోయినప్పుడు నంది మీదెక్కిన కాలేజీ పిల్లలను ఇదే మనిషి తిట్టి దింపాడు. దేశం దాటేసరికి ఆ మర్యాద ఎక్కడ జారిపోయిందా అని ఆమె ఆలోచిస్తోంది.

అప్పుడు కనిపించింది, గట్టు అవతల ఒకావిడ. యాభై దాటి ఉంటాయి. చేతిలో తెల్ల పూలు, ఒక నీళ్ళ సీసా. వీళ్ళు ముగించేదాకా ఆగుదామన్నట్టు తల వంచి నిలబడింది.

నొబుకో పరుగున వచ్చింది. మొహం పాలిపోయింది. దిబ్బ కింద డెబ్బై వేల మంది చితాభస్మం ఉందని, తీసుకుపోవడానికి ఇళ్ళలో ఎవరూ మిగల్లేదని మెల్లగా ఇంగ్లీషులో చెప్పింది. సరస్వతి జగ్గు గట్టు మీద పెట్టేసింది.

"దిగుండ్రి" అంది భర్తతో.

"ఆగే, ఇంకో ఫోటో."

"మీ కాళ్ళ కింద మనుషులున్నరు. దిగుండ్రి."

గొంతు పెంచలేదు. ఆ గొంతు అతనికి కొత్త. పాట ఆగింది, ఒక్కొక్కరే దిగారు. నలుగుర్ల తన పరువు తీసిందని కిషన్ రావు గొణుక్కున్నాడు. ఆమె వంగి పచ్చికలో రాలిన మెతుకులు ఏరసాగింది. కాసేపటికి ఆ జపాన్ ఆవిడా పక్కన కూర్చుని ఏరడం మొదలుపెట్టింది.

బాంబు పడ్డది ఎన్నింటికని సరస్వతి అడిగింది. పొద్దున ఎనిమిదింబావుకని నొబుకో చెప్పింది. ఆ వేళకు సరస్వతి ఇంట్లో ఒక పొయ్యి మీద అన్నం, ఒక పొయ్యి మీద కూర ఉంటాయి.

"మరి ఆ పొద్దున ఆడోళ్ళు ఏం వండిండ్రు?" తెలుగులోనే వచ్చేసింది. వెనక మగవాళ్ళు పగలబడి నవ్వారు. ఆమె వచ్చీరాని ఇంగ్లీషులో మళ్ళీ అడిగింది. నొబుకో నవ్వలేదు, ఆవిడను అడిగింది. ఆవిడ తన అరచేతిలోని మెతుకులు చూస్తూ చెప్పింది. గెనుసుగడ్డలు వేసిన గంజి. అక్క కాచింది. ఆరుగురికీ పోసి, గిన్నెలు కడిగాక తాను తాగుతానంది. అప్పటికి పద్నాలుగేళ్ళ ఈవిడ ఊరి బయట ఫ్యాక్టరీలో పనికి పోయింది కాబట్టి బతికింది. అక్క దొరకలేదు. ఇక్కడే ఉందనుకుని వస్తుంటుంది. మంట గురించి, వెలుగు గురించి అందరూ అడిగారు గాని, ముప్పై ఎనిమిదేళ్ళలో ఈ మాట ఎవరూ అడగలేదు.

తర్వాత ఆవిడ సరస్వతి వైపు చూసి ఏదో అంది. నువ్వు తిన్నావా అని అడుగుతోందని నొబుకో చెప్పింది. సరస్వతి తినలేదు. లేదని తల అడ్డంగా ఊపింది.

హనుమకొండ చేరిన వారానికి ఫోటోలు కడిగి వచ్చాయి. దిబ్బ మీది ఫోటోను పెద్దది చేయించి షాపులో పెట్టాలని కిషన్ రావు ఉబలాటం. ముందు గదిలో నలుగురూ చేరారు. ఇదేం గుట్ట అని పక్కింటి వకీలు రాజేశ్వర్ రావు అడిగితే, ఏదో పార్కన్నాడు. "అందరు కెమెరాల ధర అడిగితే, మా ఆమె ఏం వండిండ్రని అడిగింది" అని చెప్పి నవ్వించాడు.

సరస్వతి టీ కెటిల్ బల్ల మీద పెట్టి, అతని చేతిలోంచి ఫోటో తీసుకుంది.

"పార్కు గాదు, బొందలగడ్డ" అంది. "ఆడ దుప్పటి పరిచింది నేనే. తప్పు నాది గూడ ఉన్నది. గిది షాపుల పెట్టనియ్య."

కిషన్ రావు నోరు తెరిచేలోగా కుర్చీ లాక్కుని మగవాళ్ళ మధ్య కూర్చుంది. టీ ఎవరు పోస్తారని ఒకాయన చుట్టూ చూశాడు. పోసుకొని తాగమంది, తాను చెప్పేది ఉందంది. రాజేశ్వర్ రావు కాసేపు తటపటాయించి, కెటిల్ తానే అందుకున్నాడు.

తలుపు చాటున అత్తగారు భద్రమ్మ నిలబడి ఉంది. ఇక తిట్టు తప్పదనుకుంది సరస్వతి. భద్రమ్మ పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి వచ్చి, గడప పక్కన చతికిలబడింది.

"ఇంతకు ఏం వండిండ్రటనే?" అని అడిగింది.