సైరన్‌కు వెక్కిళ్లు

సిల్వియా పరిశోధన చప్పుళ్ల మీద. పటాన్‌చెరు పారిశ్రామికవాడ చరిత్రను అక్కడి జనం చెవుల నుంచి రాయాలని ఆమె పట్టుదల. యూనివర్సిటీలో ఈ మాట చెబితే తోటివాళ్లు నవ్వారు. గైడ్ మాత్రం, "కానివ్వు, చూద్దాం," అన్నాడు.

ముందుగా ఆమె పట్టుకున్నది పాశమైలారం దారిలో ఎప్పుడో మూతపడిన పైపుల ఫ్యాక్టరీ సైరన్. దాని గురించిన కాగితాలకు లోటు లేదు. కొన్నప్పటి బిల్లు దొరికింది, బిగించిన స్తంభం ఫోటో దొరికింది. మోత మాత్రం ఎక్కడా లేదు. సైరన్‌ను తుక్కు కింద అమ్మేశారు. అది రోజూ మోగే కాలంలో రికార్డు చేసి దాచాలని ఎవరికి తోస్తుంది?

అందుకే ఒక ఆదివారం సాయంత్రం, ఆ సైరన్ విన్నవాళ్లందరినీ చిట్కుల్ చర్చి పక్కనున్న హాలుకు పిలిచింది. పదిమంది వస్తే చాలనుకుంది. ముప్పై మంది దాకా వచ్చి, కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డారు.

ముందు వరుసలో బాపిరాజు కూర్చున్నాడు. యువకుడిగా ఉన్నప్పుడు భీమవరం వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఫ్యాక్టరీ టైం ఆఫీసులో సైరన్ బటన్ నొక్కింది ఆయనే.

"ఇంతమంది ఎందుకమ్మా, నేనొక్కణ్ణి చాలు కదా," అంటూ లేచాడు. కళ్లజోడు తీసి భార్య హైమావతి చేతికిచ్చి, అరచేతులు నోటి చుట్టూ పెట్టుకుని కూత అందుకున్నాడు. అడుగు నుంచి మొదలై నున్నగా పైకి ఎక్కి, అక్కడ కాసేపు నిలిచి, మెల్లగా దిగింది. డెబ్బై దాటిన మనిషి అంత శ్రద్ధగా కూస్తుంటే ఎవరికీ నవ్వు రాలేదు.

వెనక నుంచి సంగప్ప చెయ్యెత్తాడు. ఆయన పొలం ఫ్యాక్టరీ వెనక ఉండేది.

"గట్ల కాదు సార్. నడుమల వెక్కుతది," అని తానూ కూసి చూపించాడు. సగం ఎక్కిన కూత ఠక్కున తెగి, ఒక్క వెక్కు వెక్కి, మళ్లీ అందుకుంది.

అప్పుడు మాత్రం హాలంతా పగలబడి నవ్వింది.

"వెక్కడమేంటి సంగప్పా. రోజూ నొక్కినవాణ్ణి నేను. మధ్యలో ఎక్కడా ఆగేది కాదు."

"మీరు నొక్కిన్రు సార్. విన్నది మేము."

"మీరిద్దరూ చెప్పేది కాదు," అంది హైమావతి. "మా క్వార్టర్స్‌లోకి అది మోగేముందే గురగురమని ఒక చప్పుడొచ్చేది. అది వినపడగానే నేను కుక్కర్ దింపేదాన్ని."

ఆమె గురగుర కూడా వినిపించింది. ఇక ఎవరినీ ఆపడం సిల్వియా వల్ల కాలేదు. తలా ఒక సైరన్ కూస్తున్నారు. ఒకరిది ఏనుగు ఘీంకారంలా ఉంది, ఇంకొకరిది తోక నలిగిన పిల్లిలా ఉంది. సిల్వియా నవ్వాపుకుంటూ ఒక్కొక్కరి నోటి దగ్గరికీ రికార్డర్ తిప్పుతోంది.

"జెర ఆగున్రి. ఒక్కొక్కలు ఒక్కొక్క శృతిల కూస్తే ఎట్ల?" అంటూ మార్తమ్మ లేచింది. చర్చిలో హార్మోనియం వాయించేది ఆమె. "మా హార్మోనియం ఎలుకలు కొరికినప్పుడు, బాగు చేపించేదాంక ఆ సైరనే మాకు దిక్కు. సాయంత్రం ప్రార్థన కూటంల అది మోగంగనే గదే శృతిల పాట ఎత్తుకునేటోళ్లం. ఇగ గదే అలవాటై పోయింది. ఇప్పటికీ మా మగోళ్లకు గొంతు అందదు."

"నిజమే," అని గోడ వైపు నుంచి మగగొంతులు బాధగా ఒప్పుకున్నాయి.

చర్చిలోంచి హార్మోనియం తెప్పించారు. మార్తమ్మ కింది నుంచి ఒక్కో మెట్టూ నొక్కుతూ పోయింది. "కాదు," అంటున్నారు జనం. "ఇంకా పైకి." మరో మెట్టు. "కాదు." మరొకటి నొక్కింది. బాపిరాజు చెయ్యి గేటు పాసు కోసం చొక్కా జేబు తడుముతోంది. హైమావతి కుర్చీలోంచి సగం లేచి, ఎందుకు లేచిందో తెలియక అలాగే ఉండిపోయింది. సంగప్ప భుజం మీది తువ్వాలు తీసి దులిపాడు. ఆ మోతకే ఆయన పొలంలో పని చాలించేవాడు.

ఒకరినొకరు చూసుకుని, తేరుకుని, కడుపులు పట్టుకుని నవ్వారు. సిల్వియా రికార్డర్ నడుస్తోందో లేదో మళ్లీ చూసుకుంది. పాత కాగితాల బీరువాల ముందు గడిపిన ఏడాదిలో ఒక్కసారీ ఆమెకు ఇలాంటిది దొరకలేదు.

ఇక మిగిలింది వెక్కు. బాపిరాజు ఒప్పుకోడు, సంగప్ప వదలడు. సిల్వియా బాపిరాజు వైపు తిరిగింది.

"అంకుల్, సైరన్ ఉన్న గేటుకూ సంగప్ప తాత పొలానికీ మధ్య ఏముండేది?"

"ఖాళీ జాగానే. పక్కన పెద్ద షెడ్డు. దాని ఎత్తైన రేకుల గోడ ఆ పక్కంతా ఉండేది."

"అయితే తాతకు సైరన్ రెండుసార్లు వినిపించి ఉంటుంది. ఒకటి నేరుగా, ఇంకొకటి ఆ గోడకు తగిలి కాస్త ఆలస్యంగా."

ఆమె కుర్చీలన్నీ జరిపించింది. వేదిక దగ్గర గేటువాళ్లు. కిటికీల పక్కన క్వార్టర్స్‌వాళ్లు, వాళ్లే ఇప్పుడు రేకుల గోడ. తలుపు దగ్గర పొలంవాళ్లు. బాపిరాజును చెయ్యి పట్టి తీసుకెళ్లి సంగప్ప పక్కన కూర్చోబెట్టింది.

"గేటువాళ్లు మొదలుపెట్టండి. ఒక్క ఊపిరి ఆగి గోడవాళ్లు అందుకోండి. అంకుల్, మీరు వినండి చాలు."

మార్తమ్మ మెట్టు నొక్కింది. వేదిక దగ్గర కూత లేచింది. కిటికీల వైపు నుంచి రెండో కూత దాని వెనకే బయలుదేరింది. రెండూ ఎక్కుతూ ఎక్కుతూ ఒకదాన్నొకటి తొక్కుకున్నచోట, తలుపు దగ్గరికి వచ్చేసరికి, మోత ఒక్క క్షణం తెగి మళ్లీ అందుకుంది.

"గదే సార్," అన్నాడు సంగప్ప మెల్లగా.

బాపిరాజు సంగప్ప వైపు తిరిగాడు. "అన్నేళ్లూ మీకు నేను పంపించింది ఇదా?"

"దినాం పంపిన్రు."

"ముందే చెప్పొచ్చు కదయ్యా."

"మీ సైరన్ అసొంటిదే అనుకున్న. అందరం గట్లనే అనుకున్నం."

హైమావతి నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. బాపిరాజు మళ్లీ వింటానన్నాడు. మళ్లీ కూశారు. మూడోసారి వెక్కు దగ్గరికి రాగానే ఆయనే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. కొన్నాళ్ల తర్వాత ఆ రికార్డింగును యూనివర్సిటీ భాండాగారంలో చేరుస్తుంటే, మోగింది ఏ పరికరమని అక్కడివాళ్లు అడిగారు. సిల్వియా ముప్పై మంది పేర్లూ చదివింది.

ఆ సాయంత్రం మాత్రం అక్కడితో ఆగలేదు. పక్క ఫ్యాక్టరీల్లో డ్యూటీ దిగి రూములకు వెళ్తున్న ఉత్తరాది కుర్రాళ్లు మోత విని గుమ్మం దగ్గర గుమిగూడారు.

"క్యా హువా చాచా? ఆగ్ లగీ క్యా?" అని ఒకడు, ఎక్కడైనా నిప్పంటుకుందేమోనని కంగారుగా అడిగాడు.

"కుచ్ నై రే. పురానా భోంగా," అని సంగప్ప వాడికి పాత సైరన్ సంగతంతా చెప్పాడు.

వాడు నవ్వి, టిఫిన్ డబ్బా కింద పెట్టాడు. వాడిది ధన్‌బాద్ దగ్గర ఒక పల్లె అట. అక్కడి బొగ్గుగనికీ సైరన్ ఉందట, తను కూసి చూపిస్తానన్నాడు. సిల్వియా కుర్చీ చూపించి, ఎంత దూరం నుంచి వినేవాడివని హిందీలో అడిగింది. వాడు హాలును ఒకసారి కొలిచినట్టు చూసి, ఈ దూరం చాలదన్నట్టు కుర్చీ ఎత్తుకుని గుమ్మం దాటాడు.

"ఔర్ దూర్," అంటూ ఇంకా దూరం నడిచి చర్చి గేటు కూడా దాటాడు. ఆటోలను ఆపించి రోడ్డు దాటి, అవతల టీ కొట్టు పక్కన కుర్చీ వేసుకున్నాడు. హాలులోని ముప్పై మందీ గుమ్మంలోకి తోసుకొచ్చి చెవులు రిక్కించారు.

రోడ్డు అవతల నుంచి, లారీల రొద మీదుగా, సన్నగా, వంకరటింకరగా ఒక కొత్త సైరన్ వచ్చింది. టీ తాగుతున్నవాళ్లు ముందు బిత్తరపోయారు, తర్వాత గ్లాసులు పక్కన పెట్టి తామూ గొంతు కలిపారు.