ఇరవయ్యో కాన్పు

గురవమ్మ పగలు పదకొండింటికి కాన్పుకు నడిచి వచ్చింది. రెండింటికి ఆమె మీద దుప్పటి కప్పారు.

మధ్యలో జరిగిందంతా భానుశ్రీ చేతుల మీదే జరిగింది. డాక్టరమ్మ వేలూరు పోయింది. చిత్తూరులోని ఆ నర్సింగ్ హోమ్‌లో ఆ పూట మిగిలింది, మేడ మీది నర్సింగ్ స్కూల్లో చదివే భానుశ్రీ ఒక్కతే. ఏడాదిన్నరలో ఆమెకు అక్కడ నేర్పింది వార్డులు కడగడం. ఆడపిల్ల పుట్టి ఏడ్చింది. మాయ పడలేదు. నెత్తురు ఆగలేదు. ఏం చేయాలో భానుశ్రీకి తెలియలేదు.

స్కూలూ నర్సింగ్ హోమూ రెండూ జయరామ్‌వే. భానుశ్రీని మెట్ల మీద నిలబెట్టి చెప్పాడు.

"నీ కేస్ బుక్కులో పందొమ్మిది ఉండాయి గదా. దీన్ని ఇరవై చేసుకో. తల్లీ బిడ్డా క్షేమం అని రాయి. ఆయమ్మ ఇంటికి పోయినాక సచ్చింది, మనకు సంబంధం లేదు."

ఇరవై కాన్పులు సొంత చేతులతో చేసి, తల్లుల పేర్లతో కేస్ బుక్కు చూపిస్తేనే కాన్పులు చేసే లైసెన్సు ఇస్తారు. అది రూలు. జయరామ్ ఒక్క కాన్పు చూపించకుండానే ముప్పై మంది అమ్మాయిల బుక్కులూ నింపించాడు. బెల్లం మండీ వెనక వీధి ఓటర్ల లిస్టు తెచ్చి ముందు పడేశాడు. అందులోని ఆడవాళ్ల పేర్లు చూసి రాసుకున్నారు. భానుశ్రీ బుక్కులో నిజంగా జరిగిన కాన్పు గురవమ్మదొక్కటే.

ఆమె రాసింది. ఆ తర్వాత మూడు రోజులు రాసిన చేత్తో అన్నం తినలేకపోయింది.

నాలుగో రోజు హాస్టల్లో అందరినీ కూర్చోబెట్టింది. "శుక్రవారం మన బుక్కులు చూసే ఇన్‌స్పెక్షన్ ఉంది. ఆ ఆఫీసరుకు నిజం చెప్పేద్దాం."

రేష్మా లేచింది. "నీకేమ్మా. మా నాయన ఆటో అమ్మి నన్ను చేర్పించినాడు. లైసెన్సు పోతే మా ఇంట్లో ఎవురు తిండి పెడ్తారు?"

"లైసెన్సు వస్తే నిన్ను ఏదో పల్లెకేస్తారు. ఆడ ఇంకో గురవమ్మ నెత్తురు పోతా ఉంటే ఏం చేస్తావు?"

"వాన్ని కొట్టల్ల. మన కడుపు మనం కొట్టుకుంటే వానికేం నొప్పి?"

ఆ మాట భానుశ్రీకి గుచ్చుకుంది. నిజమే. నొప్పి జయరామ్‌కు తెలియాలి.

మరునాడు ఆమె లిస్టూ కేస్ బుక్కూ పట్టుకుని బెల్లం మండీ వెనక వీధికి పోయింది. గురవమ్మ ఇల్లూ ఆ వీధిలోనే. గురవమ్మ అత్త దేవకమ్మ పసిదాన్ని ఒళ్లో వేసుకుని కూర్చుని ఉంది. చుట్టూ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లు. భానుశ్రీ జరిగిందంతా చెప్పింది. దేవకమ్మ లేచి ఆమె చెంప పగలగొట్టింది. మళ్లీ కూర్చుంది.

"ఇంగ సదువు" అంది. భానుశ్రీ కేస్ బుక్కు తెరిచింది.

"తాయమ్మ. రెండో కాన్పు. మగబిడ్డ."

"నాకా?" ముసలి తాయమ్మ బోసినోరు తెరిచింది. "నాకు డెబ్బై ఏండ్లు గదే."

నవ్వారు. పేరు పేరుకూ నవ్వు తగ్గుతూ వచ్చింది. చివరి పేరు గురవమ్మ. తల్లీ బిడ్డా క్షేమం.

"శుక్రవారం ఎన్ని గంటలకు?" అడిగింది దేవకమ్మ.

శుక్రవారం ఇన్‌స్పెక్షన్ ఆఫీసరమ్మ ముందు ముప్పై బుక్కులు పేర్చి, జయరామ్ స్వయంగా టీ అందిస్తున్నాడు. మెట్లు దడదడలాడాయి. ఎనభై మంది ఆడవాళ్లు పని మానుకుని వచ్చి హాలు నింపేశారు.

"నా బిడ్డ యాడప్పా?" అంది తాయమ్మ. "పోయిన మార్చిలో కన్నానంట. మగోడంట. సూపిచ్చు, పాలిస్తా."

"నా మొగుడు పోయి పదేండ్లు" అంది చంద్రకాంతమ్మ వెనక నుంచి. "నాకు కడుపెట్లొచ్చిందో అది గూడా రాయిచ్చినావా?"

"పిచ్చోళ్లు మేడమ్. ఎవరో ఎగదోసి పంపినారు." జయరామ్ చేతిలో టీ ఒలికింది. అది రేష్మా చూసింది.

ఆఫీసరమ్మ అమ్మాయిల వైపు తిరిగింది. "ఎవరెన్ని కాన్పులు చేశారు? చేయలేదంటే లైసెన్సు రాదు. అది తెలిసే చెప్పండి."

జయరామ్ మొహంలోకి నవ్వు తిరిగి వచ్చింది. ఏ పిల్ల తన నోటి కాడి కూడు తానే పారేసుకుంటుందని.

రేష్మా లేచింది. "సున్నా, మేడమ్."

పక్కమ్మాయి లేచింది. "సున్నా." వరస వరసంతా లేచింది. సున్నా. సున్నా. జయరామ్ గోడకు ఆనుకున్నాడు. అందరి చివరా భానుశ్రీ.

"ఒకటి. ఆయమ్మ సచ్చిపోయింది. ఈయప్ప క్షేమమని రాయమంటే రాసినాను."

ఆఫీసరమ్మ ఫోన్ చేస్తే పోలీసు జీపు వచ్చింది. "రాత ఆ పిల్లది సార్" అన్నాడు జయరామ్. సీఐ భానుశ్రీని ఎక్కించాడు. జీపు కదలబోతే దేవకమ్మ పసిదానితో దాని ముందు కూర్చుంది. ఆమె వెనక వీధంతా కూర్చుంది.

"రాసిన చెయ్యిని ఎక్కిచ్చినావు. రాయిచ్చిన నోటిని గూడా ఎక్కిచ్చు. లేదంటే మా మీద పోనీ."

గంటన్నర. ఎండకు తారు మెత్తబడింది. చివరికి జయరామ్‌ను తెచ్చి భానుశ్రీ ఎదుట కూర్చోబెట్టారు. అతని చొక్కాకు గుండీలు లేవు. హాలు నుంచి జీపు దాకా ఆడవాళ్ల మధ్య అతనికి ఏం జరిగిందో సీఐ చూడలేదు.

"నీకు జన్మలో లైసెన్సు రాదు" అన్నాడు జయరామ్ పళ్లు కొరుకుతూ.

"పని నేర్చుకున్నాక అడుగుతాలే. నువ్వు మాత్రం ఈ ఊర్లో ఇంగ బోర్డు కట్టలేవు."

జీపు మలుపు తిరిగింది. తెల్లచీరల అమ్మాయిలు హాస్టల్‌కు పోలేదు. సర్కారు ఆసుపత్రి పురిటి వార్డు గోడ పక్కన వరసగా కూర్చున్నారు. ఫ్యాక్టరీ ఆడవాళ్లు వచ్చి వాళ్ల వెనక చేరుతున్నారు. వాచ్‌మన్ కర్ర ఊపుతూ లేవమంటున్నాడు.

"లేస్తే లోపలికి పొయ్యేదానికే" అంటోంది రేష్మా. "మాకు కాన్పుల పని నేర్పిస్తామని చెప్పేవాళ్లను పిల్చుకరా పో."