చేతులు చెప్పని మాట

రెండో వాయి రేకును పొడవాటి చెక్క పారతో పొయ్యిలోకి తోసి, సెల్మో అరచేతిని పొయ్యి మూతి పక్కన ఇటుక మీద ఆనించాడు. పద్దెనిమిదేళ్ళుగా అతనికి గడియారం ఆ ఇటుకే. వేడి మణికట్టు దాకా పాకితే పాన్‌దెసాల్ రొట్టెలు పొంగినట్టు, మోచేతి దాకా పాకితే ఎరుపెక్కినట్టు. బయట గింబాల్ బజారులో అప్పుడప్పుడే వెలుగొస్తోంది. సముద్రం మీంచి వచ్చిన తడిగాలి తలుపు సందులోంచి దూరి, పొయ్యి దగ్గరకి వచ్చేసరికి ఆరిపోతోంది.

మనిషి పొట్టి. ముప్పై నాలుగేళ్ళు. పిండి పిసికి పిసికి భుజాలు ఎద్దు మూపురంలా బలిశాయి గాని, నడుం కింద మాత్రం ఇంకా కుర్రాడి కాళ్ళే. కనుబొమలు సగం మాడిపోయి ఉంటాయి. గోళ్ళ చుట్టూ ఎంత కడిగినా పోని తెల్లటి గీత. ఊళ్ళో అతన్ని ‘రొట్టెల మూగాడు’ అంటారు. అన్సెల్మో గరింగలావ్ అనే పేరు ఓటర్ల జాబితాలోనూ, ప్రార్థనామందిరం చిట్టాలోనూ తప్ప ఎక్కడా కనబడదు.

రేకును వెనక్కి లాగి పక్క బల్ల మీద పెట్టబోయాడు. బల్ల అంచు అనుకున్న చోట లేదు. రేకు ఒరిగింది, ఎడమ మణికట్టు చురుక్కుమంది. రొట్టెలు కింద పడకుండా మోకాలు అడ్డం పెట్టి నిలబెట్టుకున్నాడు. తల పూర్తిగా ఎడమవైపు తిప్పి చూస్తే, బల్ల ఎప్పుడూ ఉండే చోటే ఉంది.

ఎవరో మోచెయ్యి పట్టుకున్నారు. బేకరీ యజమానురాలు పాసింగ్. యాభై దాటిన విధవరాలు, లావుపాటి మనిషి. ఆమెకి చేతిభాష రాదు. కానీ ఆమె పెదవులు చదవడం సెల్మోకి పత్రిక చదవడం కంటే తేలిక.

"మళ్ళీ కాల్చుకున్నావా?" అంది పాసింగ్, అతని మణికట్టుకి వెన్న పూస్తూ. "ఇవాళైనా దాంతో చెప్తావా లేదా? నువ్వు చెప్పకపోతే నేనే చెప్తా, నాయనా. నా నోటికి తాళం వేసే మొగుడు పోయి పదేళ్ళయింది."

సెల్మో గోడ మీది క్యాలెండరు చూపించి ఒక వేలు ఎత్తాడు. ఒక్క రోజు. తర్వాత ఆ వేలునే ఆమె పెదవుల మీద పెట్టాడు. పాసింగ్ ఆ వేలిని చీదరగా తోసేసి, ఎప్రాన్‌తో కళ్ళు ఒత్తుకుంటూ దుకాణం ముందుకి వెళ్ళిపోయింది.

దాంతో అంటే డెల్ఫాతో. సెల్మో అక్క, చెవులు వినబడే మనిషి. ఆమె ఈ రోజే మధ్యాహ్నం మూడింటికి బస్సెక్కి ఇలోయిలో నగరానికి, అక్కణ్ణుంచి విమానంలో మనీలాకి, ఆపైన కంబోడియాలోని బాట్టంబాంగ్‌కి వెళుతోంది. అక్కడ వినబడని కుర్రకారు కోసం క్రైస్తవ సంఘం వాళ్ళు నడిపే ఇల్లొకటి ఉంది. అందులో కొన్నేళ్ళు ఉండి సేవ చేయడానికి పిలుపు వచ్చింది. ఆ పిలుపు ఇద్దరికీ వచ్చింది.

పది నెలల కిందట ఆ ఉత్తరం వచ్చినప్పుడు డెల్ఫా బజారు మధ్యలో అతన్ని కావలించుకుని గిర్రున తిప్పింది. రెండేళ్ళు వారం వారం పాఠాలు, ఊరూరా మందిరాల్లో సాక్ష్యం చెప్పడాలు, ఫోనులో వీడియోలు చూసి అక్కడి సైగలు నేర్చుకోవడం, అన్నిటికీ ఫలితం అది. ఆఖరున మిగిలింది వైద్య పరీక్ష ఒక్కటే. కొంతకాలంగా చీకటి పడితే మెట్లు కనబడకపోవడం గురించి ఆ పరీక్షకి ముందే కనుక్కుందామని, సెల్మో ఒక్కడే నగరానికి వెళ్ళాడు. కంటి డాక్టరు చాలాసేపు లైటు వేసి చూసి, కాగితం మీద రాసింది: చెవుడూ ఇదీ ఒకే జబ్బు, పుట్టుకతో వచ్చినదే. చూపు చుట్టూ అంచుల్లోంచి మూసుకుపోతూ వస్తుంది. మందు లేదు. ఎన్నాళ్ళని సెల్మో కింద రాశాడు. ఐదేళ్ళు కావచ్చు, పదేళ్ళు కావచ్చు అని ఆమె రాసి, కలం మూత పెట్టింది.

ఆ కాగితాన్ని పొయ్యిలో పడేశాడు. అది కాలడం పాసింగ్ కంటపడింది. అడిగి అడిగి రాబట్టింది.

అక్కకి మాత్రం చెప్పలేదు. చెబితే ఆగిపోతుందని అతనికి తెలుసు. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఆమెకి ఓడలో వంటవాడి సంబంధం వచ్చింది. మంచివాడే. నీ తమ్ముణ్ణి ఎవరి దగ్గరైనా పెట్టి రా అన్నాడు. ఆ సాయంత్రమే అతనిచ్చిన గొలుసు తిప్పి పంపేసింది. అందుకే సెల్మో పాస్టరు ముందు, అక్క ముందు నిలబడి తను రానన్నాడు. భయమన్నాడు. డెల్ఫా తొమ్మిది రోజులు అతనికేసి చెయ్యి ఎత్తలేదు. వాళ్ళిద్దరి మధ్యా అంటే తొమ్మిది రోజులు మాట్లాడలేదని.

ఎనిమిదింటికి రొట్టెల జనం పలచబడ్డాక, సెల్మో బేకరీ వెనక గదిలోకి వెళ్ళాడు. అక్కాతమ్ముళ్ళు ఉండేది అక్కడే. డెల్ఫా మంచం మీద పెట్టె తెరిచి బట్టలు సర్దుతోంది. సన్నటి మనిషి, ఎడమ బుగ్గ మీద పెద్ద పుట్టుమచ్చ. వాళ్ళ భాషలో ఆమె పేరు ఆ మచ్చ మీద వేలితో చిన్నగా తట్టడం. అతని పేరు మూడు వేళ్ళతో పిండి చిదిమినట్టు.

"కూర్చో," అంది డెల్ఫా చేతులతో. "అక్కడి పిల్లలకి చెప్పే కథ ఆఖరిసారి చెప్తా. తప్పులుంటే ఇప్పుడే తిట్టు, అక్కడ తిట్టేవాడు ఉండడు."

ప్రభువు ఒక చెవిటివాణ్ణి బాగుచేసిన కథ మొదలుపెట్టింది. సెల్మో కొంచెం వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నాడు. అంత దూరం నుంచైతే ఆమె రెండు చేతులూ, ముఖమూ ఒకేసారి కనబడతాయి. సగంలోనే ఆపేశాడు.

"అలా కాదు. నువ్వు చెవులు తెరుచుకున్న దగ్గరికి పరిగెడుతున్నావు. వినేవాళ్ళందరికీ అదే సంబరం. దానికి ముందు ఆయన ఏం చేశాడు?"

"ముట్టుకున్నాడు."

"ఇంకా ముందు."

డెల్ఫా ఆలోచించింది. "జనంలోంచి పక్కకి తీసుకెళ్ళాడు."

"తీసుకెళ్ళి, వేళ్ళు వాడి చెవుల్లో పెట్టాడు, నాలుక ముట్టుకున్నాడు, ఆకాశంకేసి చూశాడు. అంటే వాడితో వాడి భాషలో మాట్లాడాడు. అక్కడున్న వాళ్ళలో కొందరికి తమకొక పేరుందని కూడా తెలీదు. వాళ్ళకి ముందు అది చూపించు. చెవుల సంగతి తర్వాత. తెరుచుకోకపోయినా ఏం కొంప మునగదు."

తమకొక పేరుందని తెలియకపోవడం ఎలా ఉంటుందో సెల్మోకి తెలుసు. పదకొండేళ్ళు వచ్చేదాకా అతనికీ తెలియదు. మనుషులు నోళ్ళు ఆడించడం ఏదో నమలడం అనుకునేవాడు. తండ్రి చేపల పడవ మీద వెళ్ళేవాడు. ఒకరోజు వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ఇంట్లో అందరూ నల్లబట్టలు కట్టారు, అన్నాలు పెట్టారు, సెల్మో కూడా తిన్నాడు. తర్వాత మూడేళ్ళపాటు రోజూ సాయంత్రం ఇసుకలో కూర్చుని పడవల్లో ఆ మనిషి కోసం వెతికేవాడు. అప్పుడు కొరియా నుంచి మిన్ ఊ అనే వినబడని యువకుడు మందిరంలో సేవకి వచ్చాడు. రొట్టెని చూపించి ఒక సైగ, నీళ్ళని చూపించి ఒక సైగ, చివరికి రొట్టెని ఎప్పుడూ చిదిమి చిదిమి తినే సెల్మోని చూపించి పిండి చిదిమిన సైగ. అది తన పేరని అర్థమైన వారానికి, తండ్రి టోపీ తెచ్చి డెల్ఫా ముందు పెట్టి అడిగాడు: ఈ మనిషి ఎక్కడ? తమ్ముడి కోసం తనూ ఆ భాష నేర్చుకుంటున్న పదిహేనేళ్ళ పిల్ల, తనకి వచ్చిన ఆ నాలుగు సైగల్లోనే చెప్పింది. సముద్రం. పడవ. లేడు. ఇక రాడు. మూడేళ్ళ ఏడుపు ఆ రాత్రి ఒక్కసారే ఏడ్చాడు. ఆమె పక్కనే కూర్చుంది.

సెల్మో వంగి పెట్టెలో బట్టల మీది పట్టీ బిగిస్తున్నాడు. భుజం మీద ఫట్‌మని దెబ్బ పడింది.

"అడుగుతున్నా కదరా పక్కనే నిలబడి! చెవులతో పాటు కళ్ళు కూడా పోయాయా?"

సెల్మో చేతులు ఒక్క క్షణం పట్టీ మీదే ఉండిపోయాయి. తర్వాత పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. "అందమైన వాళ్ళుంటేనే కనబడతాయి నా కళ్ళకి."

ఆమె నవ్వలేదు. "ఇప్పటికైనా నిజం చెప్పు. ఎందుకు మానేశావు?"

"చెప్పాను కదా. విమానం అంటే భయం. ఊరు కాని ఊరంటే భయం. అక్కడ పొయ్యి ఎలా ఉంటుందో ఏమో."

డెల్ఫా చేతిలోని బట్ట పెట్టెలోకి విసిరింది. పిడికిలి గుండె మీద పెట్టి వణికించింది. పిరికివాడివి అని దానర్థం. పెట్టె మూత వేసేసింది.

పదింటికి మందిరంలో వీడ్కోలు ప్రార్థన పెట్టారు. అక్కాతమ్ముళ్ళు శనివారం శనివారం చేతిభాష నేర్పే వినబడని పిల్లలు తొమ్మిదిమందీ ముందు వరసలో కూర్చున్నారు. పాస్టరు డెల్ఫా తల మీద చెయ్యి పెట్టగానే వినేవాళ్ళంతా కళ్ళు మూసుకున్నారు. వినబడని వాళ్ళకి ఆ వీలు లేదు. కళ్ళు మూస్తే ప్రార్థన ఆగిపోతుంది. తన కోసం చేస్తున్న ప్రార్థనని డెల్ఫా తనే చేతులతో పిల్లలకి చెబుతోంది, చెంపల మీద కన్నీళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

సెల్మో కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థనలో ఇంతకు ముందెప్పుడూ మూసుకోలేదు. చుట్టూ ఒక్కసారిగా ఏమీ లేకుండా పోయింది. అక్క లేదు, పాస్టరు లేడు, ప్రార్థన లేదు. కాళ్ళ కింద చెక్కపలకల నేల కొద్దిగా అదిరింది, ఎవరో నడిచారు కాబోలు. అంతే. ఇలా ఉంటుందన్నమాట అనుకున్నాడు. పది అంకెలు లెక్కపెట్టేదాకా ఓర్చుకుందామని మొదలుపెట్టాడు. ఆరు దగ్గర ఎవరో మోకాలు గిల్లారు. పక్కనున్న పద్నాలుగేళ్ళ జోవెలిన్.

"నిద్రపోతున్నావా, సిగ్గులేదూ? మీ అక్క వెళ్ళిపోతుంటే!"

"తెల్లారుజామున లేచానమ్మా," అన్నాడు సెల్మో.

"నువ్వు మాత్రం వెళ్ళిపోవుగా?"

"నేనెక్కడికి పోతాను?"

పిల్ల తృప్తిగా అతని జబ్బకి తల ఆనించింది.

మూడింటికి ప్లాజా దగ్గర బస్సు సిద్ధంగా ఉంది. డెల్ఫా కొత్త బూట్లు వేసుకుంది, అవి కరుస్తున్నట్టున్నాయి, అడుగులు ఆచితూచి వేస్తోంది. పాసింగ్ రెండు సంచుల రొట్టెలు తెచ్చింది. సంచులు డెల్ఫా చేతిలో పెట్టి వదలకుండా అలాగే పట్టుకుంది. నోరు తెరిచింది. ఆమె చెప్పేయబోతోందని సెల్మోకి అర్థమైపోయింది. ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

పాసింగ్ అతనికేసి చూసింది. ఆ చూపులో తిట్లే ఉన్నాయి. ఊపిరి పీల్చుకుని డెల్ఫా వైపు తిరిగింది.

"అక్కడంతా నదిచేపలేనట. ముళ్ళు చూసుకుని తిను," అంది.

డెల్ఫా నవ్వి ఆమెని కావలించుకుంది. తర్వాత తమ్ముడి ముందుకి వచ్చింది, మరీ దగ్గరగా. సెల్మోకి ఆమె బుగ్గ మీది మచ్చ ఒక్కటే కనబడింది. వెనక్కి అడుగేస్తే చేతులు కనబడేవి. వెయ్యలేకపోయాడు. ఆమె అతని మూడు వేళ్ళూ తన చేతిలోకి తీసుకుని, అతని పేరుని అతని వేళ్ళతోనే చిదిమి, వదిలేసి ఎక్కింది.

బస్సు కదిలాక కిటికీలో ఆమె చేతులు లేచాయి. సెల్మో బస్సు పక్కనే నాలుగడుగులు నడిచాడు. నువ్వు, అని ఆమె వేలు అతనివైపు చూపింది. పిడికిలి గుండె మీదికి వెళ్ళి వణికింది. పిరికివాడివి. ఆమె చెయ్యి ఇంకా దిగలేదు, ఇంకేదో చెప్పబోతోంది. అంతలో బస్సు మలుపు తిరిగింది, కిటికీ అతని చూపులోంచి పక్కకి జారింది. తల తిప్పాడు. స్తంభం, కొబ్బరి బోండాల బండి, బస్సు వెనక భాగం. కిటికీ దొరకలేదు.

వాళ్ళ భాషలో ‘కాదు’ అన్న మాట ఎప్పుడూ చివరన వస్తుంది.

పరుగున వెనక్కి వచ్చి పాసింగ్ భుజాలు పట్టుకున్నాడు. కిటికీవైపు చూపించాడు, గుండె మీద పిడికిలి పెట్టి చూపించాడు, తర్వాత ఏమిటన్నట్టు చేతులు చాపాడు. పాసింగ్‌కి కాసేపటికి అర్థమైంది. లావుపాటి అరచెయ్యి ఎత్తి అటూ ఇటూ ఊపింది.

"ఇలా అంది," అన్నాయి ఆమె పెదవులు. "ఇలా ఇలా ఊపింది, అంతే."

కాదు అనడానికి అలాగే ఊపుతారు. వెళ్ళొస్తానని చెప్పడానికీ అలాగే ఊపుతారు. సెల్మో ఆమెచేత ఇంకోసారి చేయించాడు. ఇంకోసారి. నాలుగోసారికి పాసింగ్ చెయ్యి ఆగిపోయింది. ఆమె ముఖం ఎర్రబడింది.

"నాకు తెలీదు నాయనా," అంది. "నేనెప్పుడూ నేర్చుకోలేదు కదా. ఇన్నేళ్ళుగా నువ్వే నా నోరు చదువుతున్నావు."

ఆమె అతని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. సెల్మోకి సాయం అక్కర్లేదు, ఇంకా పగలే. అయినా పట్టుకోనిచ్చాడు. దారిలో పాసింగ్ ఆగి, అటూ ఇటూ ఊపి చూపించిన అదే అరచేతిని అతని ముందు విప్పింది. ఎప్రాన్ జేబులోంచి ఒక రొట్టె తీసి చూపించి, ఇదెలా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది. సెల్మో ఆమె అరచేతిలోనే ఆ సైగ చేశాడు, చూడకుండా కూడా తెలిసేలా, మెల్లగా.

దుకాణంలో రేపటి పిండిలో పులిసిన ముద్ద కలిపేసరికి పొద్దు వాలింది. వెనక గది తలుపు తోసి లోపలికి అడుగుపెట్టగానే కాలికి ఏదో తగిలి ముందుకి తూలాడు. ద్వారబంధం పట్టుకుని నిలదొక్కుకున్నాడు. చీకట్లో ఏమీ కనబడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని నేల మీద చేతులతో తడిమాడు.

డెల్ఫా రబ్బరు చెప్పులు. బూట్లు వేసుకున్నప్పుడు విడిచినవి. ఒకటి బోర్లా పడింది. సెల్మో దాన్ని తిప్పి రెండోదాని పక్కన పెట్టి, వేళ్ళతో తడిమి చూశాడు. మడమ దగ్గర రబ్బరు అరిగి పల్లం పడింది, అంచుల్లో ఎండిన పిండి గట్టిగా అంటుకుని ఉంది, వాటి ముందు భాగాలు రెండూ తలుపు వైపుకే తిరిగి ఉన్నాయి.